పెదనాన్న నోటీసు చదివితే

మునిసిపాలిటీ నోటీసు కనబడిందంటే, దాన్ని వీధంతటికీ వినిపించేదాకా మా పెదనాన్నకు కాఫీ గొంతు దిగదు. వీధి మొగలో గోడకు అంటించిన కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా కంఠతా పట్టి, ఇంటింటికీ వెళ్ళి "పురప్రజలకు తెలియజేయునది ఏమనగా" అని అందుకునేవాడు. కుళాయి నీళ్ళు రావన్నా, చెత్త బండి ఆలస్యమన్నా అదే గాంభీర్యం. "ఇట్లు, కమిషనరు" అనేదాకా ఎవర్నీ కదలనిచ్చేవాడు కాదు. ఒకసారి ఎదురింటాయన సెలూన్ కుర్చీలో దొరికిపోయాడు. వీధి దీపాల మరమ్మతు వివరాలు పూర్తయ్యేసరికి ఆయన గడ్డం మీద నురుగు ఎండిపోయింది.

"పెళ్ళయిన కొత్తలో నాతోనూ ఇలాగే మాట్లాడేవారు. నయం, కింద సంతకం పెట్టమనలేదు" అనేది పెద్దమ్మ.

పెదనాన్న మీద ఒంటికాలిమీద లేచేది మాత్రం ట్యూషన్ మాస్టారు.

"ఏమయ్యా, ఇంతమందికి చదువు చెప్పేవాణ్ణి, నాకు చదవడం రాదనుకున్నావా?"

"వచ్చు మాస్టారూ. అయినా వినండి."

మాస్టారు గేటు పట్టుకుని, సణుగుతూనే చివరిదాకా వినేవారు.

ఇంతలో వీధివాళ్ళం ఫోనులో గ్రూపు పెట్టుకున్నాం. నోటీసు ఫొటో తీసి అందులో పడేస్తే సరిపోతుందనీ, ఇక పెదనాన్న గుమ్మాలెక్కి దిగనక్కర్లేదనీ తీర్మానించాం. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మాస్టారే. పెదనాన్న ముఖం వాడిపోయింది. పెత్తనం పోయిందని బాధ కాబోలు అనుకున్నాను.

ఆ వారమే మురుగు కాలువ మూతలు తీస్తారని ఫోనులో నోటీసు వచ్చింది. పొద్దున నేను పెదనాన్నతో ఆయన ఇంటి మెట్లమీద కూర్చుని ఉండగా, మాస్టారు గొడుగు ఊపుకుంటూ నేరుగా తెరిచిన గుంత వైపే వస్తున్నారు. కాపలా మనిషి టీకి వెళ్ళినట్టున్నాడు. నేను లేచేలోపే పెదనాన్న గొంతు చించుకుని అందుకున్నాడు.

"పురప్రజలకు తెలియజేయునది ఏమనగా, మూతలు తీసి ఉన్నవి! నడిచేవారు ఉన్నచోటే ఆగి ఎడమకు తిరగవలెను!"

మాస్టారు ఠక్కున ఆగారు. ఇంకో అడుగు పడితే గుంతలోనే. "మళ్ళీ మొదలెట్టావా? నాకు కళ్ళు లేవా?" అని అరిచి, బుద్ధిగా ఎడమకు తిరిగారు.

మాస్టారు మలుపు తిరిగాక పెదనాన్న గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆయనకు చూపు మసకబారిందిరా. పాఠాలన్నీ నోటికొచ్చు కనక ట్యూషన్ నడిచిపోతోంది. తెలిస్తే పిల్లల్ని మాన్పించేయరూ? ఆయనకు అదొక్కటే బతుకుతెరువు. ఆయన గుమ్మంలో ఒక్కచోటే చదివితే ఎందుకని అడుగుతారు. అందుకే అందరిచేతా తిట్లు తింటున్నా."

ఆ క్షణంలో పెదనాన్న మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

"డాక్టరుకు చూపించుకోమనకూడదా?"

"చెప్పి చూడు, ఆ గొడుగుతోనే కొడతాడు."

కొన్నాళ్ళకు మునిసిపాలిటీ ఉచిత కంటి శిబిరం పెట్టింది. పెదనాన్న మా తీర్మానాన్ని గాలికొదిలేసి మళ్ళీ ఇంటింటికీ బయల్దేరాడు. "పురప్రజలందరూ తప్పనిసరిగా కళ్ళు చూపించుకోవలెను. ఇట్లు, కమిషనరు!" ఆయన మాట మీద నమ్మకం కొద్దీ ఎవరం ఫోను తెరిచి చూసుకోలేదు. పెద్దమ్మతో సహా వీధంతా శిబిరంలో వరస కట్టింది.

"నాకేం రోగం లేదోయ్, ఆర్డరని వచ్చాను" అన్నారు నా ముందు నిలబడ్డ మాస్టారు. డాక్టరు శుక్లాలని తేల్చి ఆపరేషన్ చేశాడు.

కళ్ళు కుదుటపడ్డాక మాస్టారు వీధి మొగలో ఆగి, గోడమీద ఇంకా వేలాడుతున్న ఆ నోటీసు చదివి, పెదనాన్నను కేకేశారు.

"ఏమయ్యా, 'కోరినవారు రావచ్చును' అని ఉందిక్కడ. తప్పనిసరి అని ఎక్కడుంది?"

పెదనాన్న గోడకు ముక్కు ఆనించి, కళ్ళు చికిలించాడు. "అవునా మాస్టారూ? నాకలా కనబడిందే!"

మాస్టారు ఆయన కళ్ళలోకి చూసి నవ్వు ఆపుకున్నారు. తర్వాత గొడుగు చంకలో పెట్టుకుని, పెదనాన్న చెయ్యి పట్టుకున్నారు.

"పాపం, నీకు చూపు బొత్తిగా ఆనడంలేదయ్యా. పద, ఇకమీదట నోటీసులు నేను చదివి వినిపిస్తాను."