సర్దార్ బీ కుట్టిన చిలక

అద్దెకు దిగిన రోజున ఏ ఇంటావిడైనా ముందు కుళాయి ఎక్కడుందో చూపిస్తుంది. సర్దార్ బీ నాకు ఒక దిండు గలీబు చూపించింది. దాని మీద నల్ల ఓడ, నీలి కెరటాలు, కెరటాల మధ్య తేలుతున్న తెల్ల టోపీ. ఓడ అంచు మీద ఎర్ర ముక్కు ఆకుపచ్చ చిలక.

"ఇదేటో తెలుసా కాంతమ్మా? మా ఆయన కథ!" అంది.

కుళాయి సంగతి సాయంత్రం నేనే వెతుక్కున్నాను.

అది డెబ్బయి నాలుగో సంవత్సరం. మావారికి పోర్టులో గుమాస్తా ఉద్యోగం వచ్చి, అమలాపురం నుంచి విశాఖపట్నం వన్ టౌన్‌కి వచ్చిపడ్డాం. కురుపాం మార్కెట్ వెనక సందులో వాళ్ళ ఇల్లు. ముందు గదులు మావి. వెనక గదుల్లో సర్దార్ బీ, ఆవిడ భర్త జలీల్ సాయిబు, కూతురు షంషాద్. సాయిబు గారిది పోర్టు లాంచీ మీద పని. రేవులోకి వచ్చే ఓడల తాళ్ళు అందుకుని కట్టించాలి. అరచేతులు ఎప్పుడూ తాడు ఒరుసుకుపోయి ఎర్రగా ఉండేవి. నోరు మాత్రం తెరిచేవారు కాదు. ఇద్దరి వంతూ సర్దార్ బీయే మాట్లాడేసేది.

ఆవిడ పెళ్ళి దుపట్టాలు, గలీబులు, టేబుల్ గుడ్డలు ఎంబ్రాయిడరీ చేసి ఇచ్చేది. మధ్యాహ్నం పూట సందులో ఆడవాళ్ళం ఆవిడ చుట్టూ చేరి నేర్చుకునేవాళ్ళం. నేను కుట్టిన మొదటి గులాబీ చూసుకుని నేనే మురిసిపోతుంటే, ఆవిడ దాన్ని తిరగేసింది.

"ముందుపక్క ఎవులైనా కుట్టేత్తారమ్మా. ఎనక సూడు, పిచ్చుక గూడు!" అని మొత్తం విప్పించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది గానీ ఏం చేస్తాను? ఆవిడ కుట్టినది ఎటు తిప్పినా ఒకలాగే ఉండేది. ఒక్క ముడి కనబడదు, ఒక్క దారం వేలాడదు.

కుడుతున్నంతసేపూ కథలే. అన్నిట్లోకీ పెద్ద కథ టోపీది. అసలు జరిగింది ఇంతే: ఏదో విదేశీ ఓడ కెప్టెన్ టోపీ గాలికి ఎగిరి నీళ్ళలో పడితే, సాయిబు గారు లాంచీలోంచి గెడకర్రతో అందుకుని ఇచ్చారు. ఆ కెప్టెన్ సంతోషించి ఒక డబ్బాడు బిస్కెట్లు ఇచ్చాడు. ఆ రేకు డబ్బాలోనే సర్దార్ బీ దారాలు దాచుకునేది. నేను మొదటిసారి విన్నప్పటికే టోపీతో పాటు కెప్టెన్ పెంపుడు చిలక కూడా నీళ్ళలో పడిపోయింది. మరుసటి ఏడు గాలి తుఫానయింది. ఆపైన సాయిబు గారు సముద్రంలోకి దూకారు. ఆయనకు ఈత రాదని సందంతటికీ తెలుసు.

"ఎందుకండీ గోరంతలు కొండంతలు చేస్తారు?" అని ఒకరోజు అడిగేశాను.

"సాదా గుడ్డ బజార్లో దొరుకుతాది కాంతమ్మా. దాని మీద మనమేటి కుట్టినామో అదే మనది" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "రోజూ ఎండలో తాళ్ళు లాగి వత్తాడు. ఆ మడిసిని ఎవులు సూత్తన్నారు? నాను కుడితే సూత్తారు."

ఆ మాట విన్నాక ఆవిడను ఎగతాళి చేయడం మానేశాను. పూర్తిగా కాదులెండి, కొంచెం తగ్గించాను.

డెబ్బయి తొమ్మిదిలో షంషాద్‌కు విజయనగరం సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల నాడు సర్దార్ బీ మంచి ఊపు మీదుంది. ఆ రోజు నీళ్ళలో పడింది టోపీ కాదు, ఏకంగా కెప్టెనే. సాయిబు గారు దూకి ఆయన ప్రాణం కాపాడారు, అందుకని పోర్టువాళ్ళు ఆయన్ని ఆఫీసరు చేశారు. పెళ్ళివారు బుద్ధిగా విని, తిన్నగా పోర్టుకు వెళ్ళి వాకబు చేసుకున్నారు.

"టోపీని కెప్టెన్ చేసినావిడ, కూతురి గురించి ఏం చేసి చెప్పిందో!" అని కబురు పంపి సంబంధం వదులుకున్నారు.

షంషాద్ ఏడవలేదు. తల్లితో మాట్లాడటం మానేసింది. అది సర్దార్ బీకి గుండెల్లో తగిలింది. చేతిలో సూది పైకెత్తి, "ఈ సూది మీద ఒట్టు. దీని సంబంధం కుదిరిందాకా ఉన్నది ఉన్నట్టే సెప్తాను" అంది. చెప్పిన మాట నిలబెట్టుకుంది. కథలు లేని ఆ మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా ఉండేవో నన్నడగండి.

ఎనభై రెండులో పెందుర్తి సంబంధం వచ్చింది. కుర్రాడు అయూబ్, స్టీల్ ప్లాంటు కడుతున్నచోట వెల్డరు. షంషాద్ అతని ఫొటో పట్టుకుని మాటిమాటికీ మా వంటింట్లోకి వచ్చి, ప్రతిసారీ అప్పుడే మొదటిసారి చూపిస్తున్నట్టు చూపించింది. ఈ సంబంధం కూడా తల్లి నోటి వల్ల పోతే ఆ పిల్ల ఇక ఆవిడ మొహం చూడదని నాకు భయం పట్టుకుంది. నాకంటే ఆవిడకే ఎక్కువ భయం. పెళ్ళిచూపుల నాడు తెల్లారే లేచి, ఆ ఓడ గలీబును తిరగేసి, బొమ్మ లోపలికి పోయేలా దిండుకు తొడిగేసింది. కథ కళ్ళబడితే తన నోరు ఆగదట. పెట్టెలో దాచెయ్యొచ్చు కదా అంటే, ఊరందరికీ గలీబులు కుట్టే ఆ ఇంట్లో దిండ్లకు చాలినన్ని గలీబుల్లేవు.

అయూబ్ తండ్రి కరీం బాషా, నాయనమ్మ మహబూబున్నీసా, అయూబ్, ముగ్గురూ వచ్చారు. కరీం బాషాకు కట్టెల అడితీ ఉంది. మనిషి కూడా కట్టెలాగే బిగుసుకుని కూర్చున్నాడు.

"పిల్ల వంట బాగా సేత్తాదా?" అని అడిగాడు.

"ఒకోరోజు ఉప్పెక్కువేత్తాది" అంది సర్దార్ బీ.

"సదువు?"

"పది తప్పినాది."

"మీ ఆయన పోర్టులో ఏటి?"

"తాళ్ళు కడతాడు."

ఉన్నమాట చెబితే ఊరు అచ్చిరాదంటారు. కరీం బాషా మొహం ముడుచుకుని, వీళ్ళకు పిల్లనివ్వడం ఇష్టం లేనట్టుందని తల్లి చెవిలో ఉర్దూలో గొణిగాడు. ఆపాటి ఉర్దూ నాకు అప్పటికే వచ్చు. కంగారులో ఏం చెయ్యాలో తోచక, నడుం నొప్పితో అవస్థ పడుతున్న పెద్దావిడకు చేతికందిన దిండు తెచ్చి ఇచ్చాను.

ఆ దిండే. మహబూబున్నీసా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు సవరించుకుంది. అప్పుడు చూశాను. గలీబు తిరగేసే ఉంది, కానీ ఓడ ఓడలాగే ఉంది, చిలక చిలకలాగే ఉంది! సర్దార్ బీ పనికి వెనకవైపు అంటూ ఉంటేగా దాగడానికి? నా గులాబీ అయితే నిక్షేపంగా దాగేది. ఆ సంగతి ఆవిడకూ తోచలేదు, ఇన్నేళ్ళు పక్కన కూర్చుని కుట్టిన నాకూ తోచలేదు.

పెద్దావిడ అంచు అతుకు తడిమింది. "తిరగేసి తొడిగినావేటమ్మా?"

"అవును."

"ఎందుకేటి?"

ఒట్టు ఉంది కదా, నిజమే చెప్పాలి. "కథ కనబడకుండా."

"మరి కనబడతన్నాది కదా! నీళ్ళల్లో ఏటిది?"

"టోపీ. కెప్టెన్ది. గాలికెగిరిపోనాది." అంతే, పెదవులు బిగబట్టేసింది. పొంగే పాల మీద మూత పెట్టినట్టు ఉంది ఆవిడ అవస్థ. నాకు జాలేసింది.

పరదా వెనక నుంచి షంషాద్ గొంతు వినబడింది. "సెప్పెయ్యి అమ్మీ."

ఇంకేముంది! మూడేళ్ళు ఆపుకున్న కథ ఒక్కసారిగా వచ్చింది. తుఫాను లేచింది. చిలక టోపీలో కూర్చుని బచావ్ బచావ్ అని అరిచింది. ఈత రాని మనిషి ఒక చేత్తో తాడు, ఒక చేత్తో చిలక పట్టుకుని తేలాడు. మహబూబున్నీసా నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తల వంచుకు కూర్చున్న అయూబ్ కూడా నవ్వేశాడు. కరీం బాషా ఒక్కడే నవ్వలేదు. జలీల్ సాయిబు వైపు తిరిగి, "ఇందల నిజమెంత భాయ్?" అని అడిగాడు.

అందరం సాయిబు గారి వైపు చూశాం. ఆయన అబద్ధం ఆడరు.

"టోపీ నిజం. గాలి నిజం" అన్నారు. "సిలక నాకు అవుపడలేదు. తనకి అవుపడినాది."

సర్దార్ బీ తల దించుకుంది. ఇదీ పోయిందనుకున్నాను.

మహబూబున్నీసా గలీబును అటూ ఇటూ తిప్పి చూసి కొడుకు ఒళ్ళో పడేసింది. "కూతురు ఉప్పెక్కువేత్తాదని మొకం మీదే సెప్పిన తల్లి మోసమేటి సేత్తాదిరా? సాదా గుడ్డ మనింట్లో తానులకి తానులున్నాది. దాని మీద పువ్వు కుట్టే సెయ్యే లేదు. పిల్లని సేసుకుందాం."

పరదా వెనక గాజుల చప్పుడు వినబడింది. నేను సిగ్గు విడిచి చప్పట్లు కొట్టాను.

పెళ్ళినాడు మహబూబున్నీసా తమ చుట్టాలందరినీ పోగేసి టోపీ కథ ఎత్తుకుంది. ఆవిడ చెప్పగా చెప్పగా ఓడే మునిగిపోయింది. సర్దార్ బీ కంగారుపడి, "లేదమ్మా, టోపీయే! ఒట్టి టోపీ!" అని చేతులు ఊపుతోంది. వినేవాళ్ళెవరు? ఆఖరికి ఒక పెద్దమనిషి లేచి, బిర్యానీ వడ్డిస్తున్న సాయిబు గారి దగ్గరికి వెళ్ళాడు.

"ఏటి భాయ్, ఓడ నిజంగానే మునిగిపోనాదేటి?"

సాయిబు గారు గరిటె ఆపి, ఆడవాళ్ళ మధ్య బిక్కమొహం వేసుకు నిలబడ్డ భార్య వైపు చూశారు.

"ఓడ మునగలేదు" అన్నారు. "సిలక ముక్కు మాత్రం ఎర్రగా ఉండీది."