జొన్నచేను కోసిన తరువాత

దాహమైతే నీళ్లు తాగమన్న వైద్యురాలి మాట పాటించే వీలు లేక ఒక స్త్రీ మొదట ఆరోగ్యాన్ని, తరువాత ఉద్యోగాన్ని పోగొట్టుకుంది. తొలగింపు ఉత్తర్వులో ఈ సంగతి లేదు. "విధి నిర్వహణలో అశ్రద్ధ" అని ఉంది. ఆ ఉత్తర్వు నకలు, ఆస్పత్రి చీటీ రెండూ నా వద్ద ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చదివితే అశ్రద్ధ ఎవరిదో తెలుస్తుంది.

ఆమె పేరు అంజలై. తమిళ నేలలో, పాలకోడుకు అవతల ఒక చిన్న ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. భర్త మాదయ్య పోయాక కూలి దొరికిన నాడే తిని బతికిన మనిషి. ఈ వంటపని వచ్చాక ఆ బెంగ తీరింది. ఎనభై అయిదో సంవత్సరం వానాకాలంలో ఆమెకు ఆగని దాహం పట్టుకుంది. నీళ్లకుండ దగ్గరికి, అక్కడినుంచి ఒంటికి చేనులోకి, మళ్లీ కుండ దగ్గరికి. ఒకచోట నిలిచింది లేదు. ధర్మపురి ఆస్పత్రిలో మూత్రాన్ని నీలిరంగు పరీక్ష మందులో కాచగా ఇటుక రంగు తేలింది. చక్కెర వ్యాధి అన్నారు. మాత్రలిచ్చి, దాహాన్ని మాత్రం ఆపుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది.

బడిలో కూరగాయలు తరిగే మునియమ్మ వినగానే నవ్వింది.

"ఏమక్కా, రేషన్లో మాకు సక్కర దొరకదు, నీకు వొంట్లోనే ఊరతాందే!"

"గిన్నె తేయే, నీకూ పోస్తా," అని అంజలై లేచి మళ్లీ బయటికి నడిచింది.

ఆ బడికి మరుగుదొడ్డి లేదు. వెనుకనున్న జొన్నచేనే ఆడవాళ్లకు చాటు. జొన్న నిలువెత్తు ఉన్నంతకాలం ఆమె పోయి, ఎసరు మరిగేలోగా వచ్చేసేది. మార్గశిరంలో చేను కోశారు. చాటు పోయింది. ఇక వాగుదాకా నడవవలసి వచ్చింది.

భోజన నిర్వాహకుడు బాలసుందరం గుమ్మంలో కాపు కాశాడు.

"ఏం అంజలై, వంట చేసేదానికి వస్తాండావా, ఊరు చుట్టేదానికా?"

"సక్కర యాధి సామీ. నీళ్లు తాగాలని డాక్టరమ్మ చెప్పినాది. తాగితే పోవల్ల గదా."

"అదంతా నీ ఇంట్లో పెట్టుకో. ఇంకోసారి పొయ్యి ఇడిసిపెట్టి పోయినావంటే వేరే మనిషిని పెడతా."

"గోడ పక్కన ఒక తడక కట్టియ్యండి సామీ, ఎక్కడికీ పోను."

"నీకు తడక కట్టేదానికి గవర్మెంటు నాకు దుడ్డిస్తాందా?"

మరునాటి నుంచి అంజలై నీళ్లు మానేసింది. తెల్లవారి సంగటి ముద్దతో మాత్ర మింగడానికి ఒక గుక్క. పిల్లలు తిని లేచేవరకు నోరు తడపలేదు. నాలుక అంగిలికి అంటుకుంటున్నా గరిటె ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటూ పొయ్యి చుట్టూనే తిరిగేది. మునియమ్మ చెంబు అందిస్తే తోసేసింది: "వద్దే. తాగితే పోవల్ల, పోతే పని పోతాది." పైగా, బయటికి పోవడం తగ్గింది కనుక రోగమే తగ్గుతోందని నమ్మింది. కాదని చెప్పగలవారు అక్కడ ఎవరున్నారు?

వారం తిరగకముందే సాంబారు కలుపుతూ కూలిపోయింది. మునియమ్మ ఆమెను పక్కకు లాగి నోట్లో నీళ్లు పోస్తుండగా అన్నం అడుగంటింది. పిల్లలు అరకడుపుతో లేచారు. అది తప్పే, కాదనను. కానీ ఉత్తర్వులో మాడిన అన్నం ఉంది, పడిపోయిన మనిషి లేదు.

ఇప్పుడామె టమాటా మండీలో గంపలు మోసే పని కోసం తెల్లవారకముందే పోయి నిలబడుతోంది. పని దొరకని నాడు తిండి లేదు. తిండి లేకుండా మాత్ర వేసుకోకూడదు. నీళ్లయినా తాగుతున్నావా అని అడిగాను.

"కావల్సినన్ని తాగతాండానయ్యా. ఇప్పుడు వద్దనేవాళ్లు లేరు, పనే లేదు గదా!"

బాలసుందరం గారూ, ఆయన కాగితం మీద ఏమీ అడగకుండా సంతకం చేసిన అధికారులారా, మీ సానుభూతి ఆమెకు అక్కరలేదు. ఉత్తర్వు రద్దు చేసి అంజలైని పనిలోకి పిలవండి. ఆమె వచ్చేనాటికి బడి గోడ పక్కన తలుపున్న మరుగుదొడ్డి, దానిలో నీళ్ల తొట్టి ఉండాలి. ఎప్పటికి కడతారో తేదీ వేసి జవాబివ్వండి.