మాట్లాడుకోని అన్నదమ్ములతో మైపాడుకి

మా ఆయన రత్నానికీ, ఆయన తమ్ముడు దావీదుకీ పుట్టినరోజు ఒకటే, జూలై ఒకటి. కవలలు కారు, మధ్యలో మూడేళ్ళ తేడా. బడిలో చేర్చేటప్పుడు మా అత్త "పెద్దోడు శెనక్కాయ పీకేటప్పుడు పుట్నాడు సార్, చిన్నోడు వాన పడని ఏడు" అని చెప్పిందంట. ఆ లెక్కతో అయ్యవారికి పనేముంది? ఇద్దరికీ జూలై ఒకటి రాసి పంపించాడు. మా బద్వేలు పక్క పల్లెల్లో సగం మంది ఆ రోజే పుట్టారు. మా సీమ కోసం దేవుడు అంతగా కష్టపడిన రోజు ఇంకోటి లేదు.

పుట్టినరోజంటే మా సంఘంలో కూడిక. పాస్టరుగారు వస్తారు, గంటన్నర వాక్యం చెబుతారు, తర్వాత వచ్చినవాళ్ళందరికీ బిర్యానీ. పుట్టింది మగవాళ్ళు, పొగ మింగేది మేము. నేను ఎమ్మే చదివి జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని, నోరు ఊరుకోదు. మూడేళ్ళ కిందట చెప్పేశాను: "ఇంగ ఈ ఇంట్లో ఎవరి పుట్టినరోజొచ్చినా శని ఆదివారాలు చూసుకుని సముద్రానికి పోతాం. ఆడ ఎవరో వండుతారు, మనం తింటాం." అప్పటి నుంచి నా పుట్టినరోజుకీ, నా తోడికోడలు సలోమి పుట్టినరోజుకీ నెల్లూరు మీదుగా మైపాడు పోతున్నాం. పొద్దున్నే బద్వేల్లో బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే సముద్రం కనిపిస్తుంది. పోదలచినవాళ్ళకి పనికొస్తాయని వివరాలు కూడా రాస్తున్నాను.

అన్నదమ్ముల పుట్టినరోజుకి మాత్రం పోయినేడు పోలేదు. కారణం బోరు. దావీదు మా గట్టు పక్కనే కొత్త బోరు వేయించాడు. నీళ్ళు ఎగజిమ్మాయి. నెల తిరక్కుండా మా బోరు ఎండిపోయింది. మా ఆయన "తెలిసే ఏసినాడు" అన్నాడు. దావీదు "భూమి లోపల చూసేదానికి నాకేమన్నా కండ్లుండాయా" అన్నాడు. అంతే, ఏడాది పైన మాటల్లేవు. పోయిన జూలైలో ఇటు ఒక కూడిక, అటు ఒక కూడిక. పాపం పాస్టరుగారు ఒకే రోజు రెండిళ్ళ బిర్యానీ తిని మంచం పట్టారు.

ఈ ఏడు సంగతి నవ్వేది కాదు. వాన మొగం చాటేసింది. మా చీనీ తోట, మీరు బత్తాయి అంటారే అది, ఆకు ముడుచుకుంది. కొమ్మల చివర్లు ఎండుతున్నాయి. ఇంకో పది పదిహేను రోజుల్లో నీళ్ళు కట్టకపోతే బిడ్డల్లాగా పెంచిన చెట్లు పొయ్యిలోకి పోతాయి. గట్టవతల దావీదు బోరు రెండు తోటలకీ సరిపోతుంది. కానీ ఈయన అడగడు, ఆయన అడగంది ఇయ్యడు. నేను అడుగుతానంటే మా ఆయన "నువ్వడిగి తెచ్చిన నీళ్ళు నేను కట్టను" అన్నాడు. సలోమి కదిపి చూస్తే దావీదు "మా అన్నకు నోరు ల్యాదా?" అన్నాడంట.

మేమిద్దరం గట్టు మీద కూర్చుని ఉపాయం పన్నాం. పుట్టినరోజుకి మైపాడు పోదామని ఎవరి మొగుడికి వాళ్ళం చెప్పాం. రెండో జంట సంగతి చెప్పలేదు. ఆదివారం ఆరాధన తప్పుతుందని మా ఆయన గొణిగాడు. "సముద్రాన్ని చేసింది గూడా ఆయనే. ఒక్క ఆదివారం పోయి, బాగా చేసినావు ప్రభువా అని చెప్పొస్తే తప్పులేదు" అన్నాను.

శనివారం పొద్దున ఆరింటికి బద్వేలు బస్టాండు. నెల్లూరు బస్సు మెట్ల దగ్గర అన్నదమ్ములు ఎదురుపడ్డారు. మా ఆయన నా వైపు చూసిన చూపు గురించి రాయను, పెళ్ళయిన ఆడవాళ్ళకి తెలుసు. దావీదు సంచి భుజానేసుకుని వెనక్కి తిరిగేవాడే. ఇంతలో టీ అంగడి దగ్గర నుంచి ఎవరో కేకేశారు: "ఏమప్పా రత్నం, అన్నదమ్ములిద్దరూ పొద్దన్నే యాడికి?" ఇప్పుడు అలిగి తిరిగిపోతే మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది. ఇద్దరూ ఎక్కారు. ఒకరు డ్రైవరు వెనక సీట్లో, ఇంకొకరు ఆఖరి సీట్లో.

మా ఆడవాళ్ళకి ఆధార్ కార్డు చూపిస్తే చాలు, టికెట్టుకు డబ్బుల్లేవు. కండక్టరు మా ఆయనను "నలుగురూ ఒకటేనా? మగవాళ్ళకి రెండు కొట్టేదా?" అని అడిగాడు. "నాకొక్కనికే." వెనక్కి పోతే దావీదు కూడా అదే మాట. కండక్టరు నా దగ్గరికొచ్చి "ఏందమ్మా, సముద్రం గూడా చెరొకటి చూస్తారా?" అన్నాడు.

నా పక్కన మర్రిపాడులో దిగే పెద్దామె కూర్చుంది. ఒళ్ళో మునక్కాయల కట్ట.

"యాడికి పోతాండారు మే?"

"సముద్రానికమ్మా. మా ఆయనదీ, మరిదిదీ పుట్టినరోజు."

"పుట్టినరోజు నాడు నీళ్ళలో మునిగేదేంది?"

"ఇంటికాడ మునిగేదానికి నీళ్ళు ల్యాకనే పోతాండాం."

ఆమె నవ్వి నాలుగు మునక్కాయలు విరిచి నా చేతిలో పెట్టింది. ప్రయాణంలో మునక్కాయలు ఏం చేసుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

కొండల మీది ఘాటు రోడ్డు దిగాక గాలి మారుతుంది. ఆత్మకూరులో టీకి ఆపారు. సంగం దాటేటప్పుడు కిటికీ పక్కన కూర్చోండి. మన జిల్లాలో ఇసుక చూపించే పెన్న ఈడ నీళ్ళు చూపిస్తుంది. రెండు పక్కలా వరి పచ్చగా కళ్ళలో పడుతుంది. మా ఆయన కిటికీలోంచి చూసి, ఏదో చెప్పడానికి గభాలున వెనక్కి తిరిగాడు. ఆఖరి సీట్లో తమ్ముడు కనబడ్డాక నోరు మూసుకుని మళ్ళీ ముందుకు తిరిగాడు. అప్పుడనిపించింది, ఈ బస్సు చార్జీలు వృథా పోవని.

నెల్లూరులో దిగేసరికి తొమ్మిది దాటింది. కారం దోసె తిన్నాం, రెండు బల్లల మీద. అక్కడ్నుంచి మైపాడుకి ఇంకో బస్సు, గంట సేపు. సముద్రానికి దగ్గర్లో ఒక చిన్న లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. శని ఆదివారాలని రెట్టింపు చెబుతారు. బేరమాడండి. నేను అరగంట ఆడాను. లాడ్జతను చివరికి "తీసుకోండమ్మా, నాకింక ఓపిక లేదు" అన్నాడు. మధ్యాహ్నం తాటాకుల కింద చేపల పులుసు, అన్నం. పులుసులో మామిడికాయ ముక్కలు. ఆ పులుసు ముందు అన్నదమ్ములు కూడా తలొంచి ఒకే బల్ల మీద తిన్నారు, ఎందుకంటే అక్కడ ఉన్నది ఒకటే బల్ల.

సాయంత్రం ఇసుక మీద దుప్పటి పరిచి, సలోమి బద్వేలు బేకరీలో చేయించిన కేకు పెట్టింది. దారి ఎండకి దాని మీద రాయించిన రెండు పేర్లు కరిగి ఒకటైపోయాయి. కేకు ముందు ప్రార్థన చేయాలి. మా ఇంట్లో ఆ పని మా ఆయనది. ఆయన సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. సరే, నేనే మొదలుపెట్టాను.

ప్రార్థనలో ఒక సౌకర్యం ఉంది. అందరూ కళ్ళు మూసుకుంటారు, ఎవరూ ఎదురు చెప్పలేరు. "ప్రభువా, నువ్వు వీళ్ళిద్దరికీ ఒకే తల్లినిచ్చినావు, ఒకే గట్టునిచ్చినావు. ఒకరికి నీళ్ళిచ్చి గుండె ఇయ్యలేదు, ఇంకొకరికి పొగరిచ్చి నాలిక ఇయ్యలేదు" అని ఇంకా చెప్పుకుంటూ పోతున్నాను. ఆమెన్ అనకముందే ఇసుక కరకరమంది. కళ్ళు తెరిస్తే దావీదు లేచి నిలబడి ఉన్నాడు.

"ప్రార్థనలో దెప్పుతారా వదినా? నాకు గుండె ల్యాదా? పొద్దన్న మొదటి బస్సుకి పోతాండా" అని గదికి వెళ్ళిపోయాడు. మా ఆయన ఇంకో వైపు నడిచాడు. "నా తోట గురించి దేవునికి చెప్పేదానికి నువ్వెవరే" అన్నాడు పోతూ పోతూ.

సలోమి కేకు వైపు చూసింది. "ఏం చేద్దాం అక్కా?"

"పుట్టినోళ్ళు అలిగితే మోసుకొచ్చినోళ్ళే తినాల" అన్నాను. ఇద్దరం తిన్నాం.

ఆదివారం తెల్లవారింది. మొదటి బస్సుకి ఇంకా టైముంది. దావీదు సంచి సర్దుకుని వరండాలోకొచ్చాడు. సలోమి పరగడుపునే బీపీ మాత్ర వేసుకోవాలి. సీసాలు ఖాళీ. లాడ్జిలో నీళ్ళ క్యాను అడుగంటింది. కుళాయి నీళ్ళు నోట్లో పెట్టుకుంటే ఉప్పు. అంగళ్ళు తెరవలేదు. పోయేవాళ్ళకి నా సలహా, ముందు రోజే రెండు సీసాలు ఎక్కువ కొనిపెట్టుకోండి.

దావీదు సంచి కింద పెట్టి, "ఇసకుంటే నీళ్ళు రాకపోతాయా" అని లాడ్జి ముందు పడి ఉన్న కొబ్బరి చిప్ప తీసుకుని బయల్దేరాడు. వెనకాల మేము. సరుగుడు చెట్ల ముందర, ఇసుక దిబ్బకి సముద్రం వైపున కూర్చుని తవ్వడం మొదలుపెట్టాడు. మా ఆయన అప్పటికే చెట్ల కింద తిరుగుతున్నాడు. కాసేపు చూశాడు, ఆగలేకపోయాడు. నా వైపు తిరిగి, "సముద్రం పక్క తవ్వితే ఉప్పే పడుతుందని చెప్పు ఆయనకి" అన్నాడు.

"మీ ఆయన్ని ఆయన పని చూసుకోమని చెప్పు వదినా" అన్నాడు దావీదు.

మా ఆయన పంచె ఎగగట్టి దిబ్బ వెనక, చెట్ల నీడలో కూర్చుని ఇంకో గుంత మొదలుపెట్టాడు. నలుగురం నవ్వుకోవాల్సిన దృశ్యమే. తల నెరిసిన ఇద్దరు మగవాళ్ళు, పుట్టినరోజుకని తెచ్చుకున్న కొత్త చొక్కాల్లో, సముద్రం పక్కన కూర్చుని మంచినీళ్ళ కోసం ఇసుక తోడుతున్నారు. కానీ ఎవరికీ నవ్వు రాలేదు. చిన్నప్పుడు సగిలేరు ఇసుకలో చెలమలు తవ్వి ఇంటికి నీళ్ళు మోసినవాళ్ళు వీళ్ళు. చేతులకి ఆ పని గుర్తుంది. దావీదు గుంతలో ముందు నీళ్ళూరాయి. దోసిట పట్టి నాలికకి అంటించుకుని ఉమ్మేశాడు. ఉప్పు. మా ఆయన చెయ్యి భుజం దాకా ఇసుకలోకి పోయింది. పక్కలు విరిగి పడుతుంటే ఓపిగ్గా మళ్ళీ తోడాడు. చివరికి అడుగున తడి మెరిసింది. మొదటి ఊట బయట పోశాడు. రెండోది తేరేదాకా ఆగి, కొబ్బరి చిప్ప కోసం చెయ్యి చాపాడు. దావీదు తన చిప్ప అందించక తప్పలేదు.

సగిలేటి చెలమలకి ఒక కట్టుబాటు ఉంది. పక్కపక్కన ఇద్దరు తవ్వితే, నీళ్ళు పడినవాడు తాను తాగకూడదు. ఎవరి గుంత వట్టిపోయిందో వాడికి ముందు పోయాలి. అది తప్పితే చెలమ పూడిపోతుందని మా అత్త నమ్మకం. మా ఆయన చిప్ప నింపి సలోమి వైపు చాపాడు, "మాత్ర ఏసుకో అమ్మా."

సలోమి చేతులు కట్టుకుంది. "మొదట నాకెట్లిస్తావు బావా? వట్టిపోయిన గుంత నాది కాదు గదా."

నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఏమవుతుందో రాత్రే చూశాను. చిప్పలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. మా ఆయన నాలుగడుగులు నడిచి తమ్ముడి ముందు పట్టుకున్నాడు. దావీదు రెండు చేతులా తీసుకుని తాగాడు.

"కొంచెం సప్పగుండాది" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

"మరి షర్బత్ పడుతుందనుకున్నావేమి రా?" అన్నాడు మా ఆయన.

ఏడాది పైన తర్వాత అన్న నోట వినబడిన మొదటి "రా" అది. దావీదు చిప్ప నింపి పెళ్ళానికిచ్చాడు. తర్వాత కింద కూర్చుని, ఇసుక మీద వేలితో ఒక గీత గీశాడు. "అన్నా, మా బోరు కాడ్నుంచి మీ తోట మూలకి పైపెంత పడుతుంది?"

మా ఆయన వంగి ఆ గీతని తన వేలితో ఇంకాస్త పొడిగించాడు. "నా కాడ పాత పైపుండాది. జాయింట్లు సాలవు" అన్నాడు.

మొదటి బస్సు పోయింది. తొమ్మిదింటి దాకా నలుగురం నీళ్ళలో ఉన్నాం. దావీదు సలోమి చెయ్యి పట్టుకుని అలల్లోకి లాక్కుపోతే ఆమె వేసిన కేకలకి వలలు సర్దుకునేవాళ్ళు తిరిగి చూశారు. పది దాటాక మైపాడు బస్సెక్కాం, నెల్లూరులో భోంచేసి బద్వేలు బస్సు పట్టుకున్నాం. ఈసారి టికెట్లు రెండూ మా ఆయనే తీశాడు. అన్నదమ్ములు ఒకే సీట్లో కూర్చున్నారు, మేము వాళ్ళ వెనక.

సంగం దగ్గర గొడవ మొదలైంది. నీళ్ళ వంతులు. సోమ, మంగళ, బుధ మా తోటకి. గురు, శుక్ర, శని వాళ్ళకి. మరి ఆదివారం?

"ఆదివారం దేవుని దినం. మోటారు ఆపాల్సిందే" అన్నాడు మా ఆయన.

"చీనీ చెట్టుకి ఆదివారమేందన్నా? దానికేమన్నా బాప్తిస్మమిచ్చినారా?"

"ఇయ్యకపోయినా అది విశ్వాసి తోటలో ఉండాది రా."

"అట్లయితే దాన్ని గూడా చర్చికి తోలుకుపో!"

ఆత్మకూరు దాటినా ఆగలేదు. ముందు సీట్లో పెద్దమనిషి తిరిగి "ఏమప్పా, ఇంటికి పోయి కొట్లాడుకోండి, శానా దూరముండాది" అన్నాడు. సలోమి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఘాటెక్కేటప్పుడు మన ఎండ గాలి మళ్ళీ మొగానికి కొట్టింది, మేఘం జాడ లేదు. అయినా ఆ రెండు గొంతుల అరుపు వింటూ కూర్చుంటే, ఇన్నేళ్ళలో సముద్రం నుంచి ఇంత తేలికగా ఇంటికొచ్చింది ఇదే అనిపించింది. రెండు రోజులు, నాలుగు బస్సులు, ఒక కేకు. పుట్టినరోజుకి ఇంతకంటే ఖర్చు పెట్టే పనిలేదని నా అభిప్రాయం.

బద్వేల్లో దిగేసరికి పొద్దు వాలుతోంది. అంగళ్ళలో చాలావరకు తలుపులు మూసి ఉన్నాయి. ఒక్క పైపుల అంగడి మాత్రం సగం తెరిచి ఉంది. ఆదివారం మోటారు ముట్టకూడదని ఘాటు పొడుగునా వాదించిన మనిషి సంచి నా చేతిలో పెట్టి, "రారా, వాడు మూసేస్తాడు" అని తమ్ముడి చొక్కా పట్టుకుని లాగుతూ ఆ అంగట్లోకి పరుగెత్తాడు.