ఎర్రరంగు చేత్తో తీసుకున్న రొట్టె

నెలలో మొదటి ఆదివారం వస్తోందంటే మా సత్యలక్ష్మి అత్తకి ముందురోజు నుంచే అన్నం సయించేది కాదు. ఆ రోజు చర్చిలో బల్ల, అంటే ప్రభువు భోజనం, ఇస్తారు. రొట్టె ముక్కల పళ్ళెం, వెనకే ద్రాక్షరసం చాపల వెంట చేతులు మారుతూ వస్తుంటే, అత్త ముసుగు కళ్ళ మీదికి లాక్కుని తల దించేసేది. పళ్ళెం ఆమెని దాటి పక్కామె దగ్గరికి పోయేది.

అయోగ్యంగా తిన్నవాళ్ళు తమ మీదికి శిక్ష తెచ్చుకుంటారని పాస్టరు గారు ప్రతి నెలా మైకులో హెచ్చరిస్తారు. ఆ చిన్న రేకుల షెడ్డుకి మైకు ఎందుకో నాకు అర్థం కాదు. ఆ మాట అందరూ వింటారు, అందరూ తింటారు. కోడళ్ళని ఏడిపించేవాళ్ళూ తింటారు, తాగి వచ్చి పెళ్ళాన్ని కొట్టేవాళ్ళూ తింటారు. నమ్మి భయపడింది మా అత్త ఒక్కతే.

ఆమె పాపం ఏమిటో అనకాపల్లి చేపల బజారుకంతా తెలుసు. పూడిమడక నుంచి తెల్లవారి వచ్చే సరుకులో మిగిలినదాన్ని ఐసులో పెట్టి మర్నాడు అమ్ముతుంది. కొనేవాళ్ళు చేప మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉంటే తాజాది, నల్లబడితే నిన్నటిది. అందుకని ఇంటి దగ్గరే మొప్పల్లో ఎర్రరంగు నీళ్ళు వేలితో పూసి తెస్తుంది. ఆదివారం ఏడ్చి ఒప్పుకుంటుంది. మంగళవారానికి వేలికి మళ్ళీ రంగు ఉంటుంది. మామయ్య పోయాక ఆ గంప మీదే కొడుకు మోహిత్‌ని ఐటీఐ దాకా చదివించింది. ఆ రంగు లేకపోతే చదువు సగంలో ఆగేది. ఈ సంగతి మైకులో ఎవరూ చెప్పరు.

మోహిత్ అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీలో కొత్తగా చేరాడు. ఆ వారమే బాప్తిస్మం తీసుకున్నాడు. మొదటిసారి బల్ల తీసుకునే రోజున మగవాళ్ళ వైపు నుంచి లేచి వచ్చి, తల్లి పక్కన చాప అంచున కూర్చున్నాడు. నువ్వు తీసుకోకపోతే నేనూ తీసుకోనన్నాడు. వెనక వరుసల వాళ్ళు మెడలు చాచారు. పళ్ళెం వచ్చింది. అత్త చెయ్యి చాచింది. గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు కూడా కనబడింది, గోటి చుట్టూ ఇంకా పోని ఎరుపు.

మధ్యాహ్నం మోహిత్ కంపెనీ బస్సెక్కి షిఫ్టుకి వెళ్ళాడు. సాయంత్రం అందరి ఫోన్లలోనూ ఒకటే వీడియో, అచ్యుతాపురంలో ఏదో కంపెనీ మీద నల్లటి పొగ. కాసేపటికి పేరు తెలిసింది. మోహిత్ వాళ్ళదే. ఫోను చేస్తే స్విచ్ఛాఫ్.

అత్త ఏడవలేదు. గోడకి ఆనుకుని తన చేతివేళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది.

"నేనే సంపేసేను రా నానాజీ" అంది నాతో.

ఆటోలో అచ్యుతాపురం దాకా ఆ మాట తప్ప ఇంకోటి లేదు. మధ్యమధ్య దేవుడితో బేరం. ఇంక బల్ల ముట్టను, రంగు ముట్టను, గంపే ముట్టను, పిల్లాణ్ణి ఇచ్చెయ్యి. నేను ఎన్నో పుస్తకాలు చదివాను. దేవుడు లేడని చెప్పేవీ చదివాను, ఉన్నాడని చెప్పేవీ చదివాను. మునగపాక దాటేటప్పుడు ఆమెకి చెప్పడానికి వాటిలోంచి ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. మోహిత్ నంబరే మళ్ళీ మళ్ళీ నొక్కుతూ కూర్చున్నాను.

కంపెనీ గేటు మూసేశారు. బయట జనం, పోలీసులు, అంబులెన్సులు. ఎవరు బాగున్నారో ఎవరు లేరో చెప్పే నాథుడు లేడు. సెక్యూరిటీ వాళ్ళు లాఠీలతో వెనక్కి నెడుతున్నారు. ఆ తోపులాటలో కొర్లమ్మ కనబడింది. బజారులో అత్త పక్క గంప ఆమెదే. రోజూ పోట్లాడుకుంటారు, రోజూ ఒకే టీ పంచుకుంటారు. కొర్లమ్మ కొడుకు చంటిబాబు కూడా అదే కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. అతనూ లోపలే ఉన్నాడు.

అత్త ఆమె చేతులు పట్టుకుని, ఇదంతా తన వల్లేనని, రంగు చేత్తో ప్రభువు రొట్టె తిన్నానని, అందుకే ఆయన కొట్టాడని చెప్పేసింది. కొర్లమ్మ చేతులు విదిలించుకుంది.

"నీ మొప్పల రంగుకి కంపెనీ తగలడిపోద్దేటే? మరి నా సంటిగాడేటి సేసేడు? ఆడు నీ రొట్టి తిన్నాడా?"

అత్త వేళ్ళని కొంగులో దాచుకుంది. కొర్లమ్మ ఆగలేదు.

"మా ఏసు పాపుల కోసమే వచ్చేడు, పాపుల కోసమే పేణం పెట్టేడని రోజూ నా బుర్ర తినేస్తావు గదొదినా. నన్ను రమ్మంటావు. పాపిని నేనొక్కదాన్నేనా ఏటి? నీకాడికొచ్చేసరికి ఆయన రౌడీ అయిపోయేడా?"

అంతలో ఇంకో అంబులెన్సు సైరన్ వేసుకుంటూ బయటికి పోయింది. లోపల ఎవరున్నారో తెలియలేదు. కొర్లమ్మ రోడ్డు మీద కూలబడింది. ఎవరికీ బెదరని ఆ మనిషి కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. అత్త పక్కనే చతికిలబడి, కొర్లమ్మ తలని భుజానికి ఆనించుకుంది. కళ్ళు మూసుకుంది. ముసుగు వేసుకోవడం కూడా మరిచిపోయింది.

"పెబువా, నేనింతే. సేతులు ఇలగే ఉన్నాయి, ఇలగే వచ్చేను. లోపలున్నోళ్ళందర్నీ సూడు."

బేరం లేని ప్రార్థన ఆమె నోట వినడం నాకు అదే మొదలు. భయం తగ్గిందని మాత్రం అనలేను. కళ్ళు తెరవగానే మళ్ళీ గేటు వైపే చూసింది.

చీకటి పడుతుండగా లోపలి నుంచి కొందరిని నడిపించుకుని వచ్చారు. వాళ్ళలో మోహిత్ ఉన్నాడు. ముఖమంతా మసి, దగ్గు. లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరట, ఆపేసి గేటు దగ్గర పెట్టెలో వెయ్యాలట. చంటిబాబుకి చేతులు కాలాయని, స్పృహలోనే ఉన్నాడని, ఆసుపత్రికి తీసుకెళ్ళారని చెప్పాడు. అత్త కొడుకు ముఖాన్ని ఒక్కసారి రెండు చేతులతో తడిమింది.

"నువ్వు బావతో ఇంటికి పో" అని, కొర్లమ్మని లేపి ఆటో ఎక్కించి, తనూ ఎక్కింది.

చంటిబాబు చేతులు మెల్లగా మానుతున్నాయి. కొర్లమ్మ ఆసుపత్రిలోనే ఉండడంతో ఆమె సరుకు కూడా అత్తే అమ్మింది. మొదటి రోజు ఒకామె మొప్ప ఎత్తి చూస్తే, నిన్నటిదేనమ్మా అని నిజం చెప్పింది. ఆమె అవతలి గంపకి వెళ్ళిపోయింది. ఇంకొకామె కూడా వెళ్ళిపోయింది. ఎండెక్కాక వచ్చిన మూడో ఆమెతో అత్త, ఇయ్యాల్టిదే అంది. ఆ రాత్రి ఏడ్చింది. మనుషులు ఒక్క మంటకి మారిపోతారని రాసేవాళ్ళు చేపలు అమ్మి ఉండరు.

మళ్ళీ మొదటి ఆదివారం వచ్చింది. పాస్టరు గారు మళ్ళీ మైకులో అదే హెచ్చరిక చేశారు. మోహిత్ రాలేదు, కంపెనీలో ఒక వైపు మళ్ళీ తెరిచారు, పనికి పిలిచారు. పళ్ళెం వరుస వెంట వస్తోంది. అత్త ముసుగు ముందుకి లాక్కుంది. తన వేళ్ళు చూసుకుంది. ఈసారి పక్కన కూర్చుని పట్టుబట్టేవాళ్ళు ఎవరూ లేరు. పళ్ళెం దాటిపోతుందనే అనుకున్నాను.

అత్త చెయ్యి చాచి ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకుని, పోయిన నెలలాంటి కబురు వస్తుందేమో అన్నట్టు ఒళ్ళో ఉన్న ఫోను వైపు చూసింది. అలాగే కాసేపు, నమలకుండా, దాన్నే చూస్తూ ఉండిపోయింది. అది మోగలేదు.

అప్పుడు నెమ్మదిగా నమిలింది.