కుంకుమ పడిన స్లాటు, కొట్టెయ్యమన్న టేపు

ముంచింగిపుట్టులో మా శాఖకి ఒక చిన్న ఆఫీసు ఉండేది. శాఖ పేరు రాయను. నా భర్త అందులో జీపు డ్రైవరు. ఆయన పోయాక ఆ ఇంటి మనిషినని నాకు ఉద్యోగం ఇచ్చి, సాలూరు నుంచి కొండ మీదికి అటెండరుగా వేశారు. నా చదువు ఐదో తరగతి. అక్కడే పని చేసి అక్కడే రిటైరయ్యాను.

అటెండరంటే టీలు అందించే మనిషని అనుకుంటారు. మా ఆఫీసులో వీడియో గది మొత్తం నా చేతి కింద ఉండేది. దాన్ని కస్టడీ అంటారు. స్టాకు రిజిస్టరులో ప్రతి క్యాసెట్టుకీ ఎదురుగా నా సంతకం ఉంటుంది. పోతే జవాబు చెప్పాల్సింది నేను. పనికిరాదని కొట్టెయ్యాలన్నా ఫారం మీద ముందు నా సంతకం పడాలి, ఆ తర్వాతే ఆఫీసరుది. ఆ సంగతి మా ఆఫీసులో చాలామంది మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

ఇది నా రిటైర్మెంటుకి ఏడాది ముందు మాట. కార్తీక మాసం, కాఫీ పళ్లు ఎర్రబడుతున్న రోజులు.

కొర్రా సుక్రి అనే ఆమె సంత రోజున ఆఫీసుకి వచ్చింది. కొండ మీద ఆమెకి ఒక భూమి చెక్క ఉంది. దానికి పట్టా కావాలని అటవీ హక్కుల కింద అర్జీ పెట్టుకుంది. చట్టం చెప్పిన గడువుకి ముందునుంచే ఆ భూమి సాగులో ఉందని చూపించాలి. నిన్న గాక మొన్న అడవి నరికారని ఎవరో ఎదురు రాశారు. సాక్ష్యం చెప్పాల్సిన మామ డొంబ్రు చనిపోయాడు. కాని డొంబ్రు మా దగ్గర ఉన్నాడు. మా శాఖ ఒకప్పుడు సామలు, చోళ్లు లాంటి కొండ పంటల సాగు మీద వీడియోలు తీసేది. అందులో ఆ ముసలాయన తన చేను గట్టు వెంట నడుస్తూ ఇది మా తాత కొట్టిన చేను, ఇది మా అయ్య నాటిన పనస అని చెప్పాడు. ఆ రోజు కెమెరా బ్యాటరీ పెట్టె మోసింది నేనే. చుట్టూ వలిసె చేలు పచ్చగా పూసి ఉన్నాయి. బొమ్మ కింద మూలలో తారీకు పడుతుంది. సుక్రికి కావలసింది ఆ తారీకే.

"అమ్మా, మా మావ బొమ్మ ఉన్నాదా?" అని అడిగింది.

"ఉన్నాడే. బీరువాలో కూకున్నాడు," అన్నాను.

ఆమె నవ్వింది. "బతికున్నప్పుడు ఒక్కకాడ కూకోనేదు, ఇప్పుడు కూకున్నాడా!"

డివిజను కమిటీ ముందు హాజరు ఎల్లుండి. క్యాసెట్టు తీసుకోరు, వాళ్ల దగ్గర దాన్ని వేసే యంత్రం లేదు. సీడీ కావాలి. క్యాసెట్టు సీడీ కావాలంటే కంప్యూటరులో వీడియో క్యాప్చర్ కార్డు ఉండాలి. అరచెయ్యంత పచ్చటి పలక అది. వీసీఆర్ నుంచి వచ్చే బొమ్మని కంప్యూటరుకి అర్థమయ్యేలా మారుస్తుంది. కొత్త కంప్యూటర్లలో ఆ రకం పలక దూరే స్లాటు ఉండదు. మా ఆఫీసులో మూలన పడున్న పాత కంప్యూటరులో ఉంది. కార్డు ఎప్పుడో వచ్చింది, పెట్టేవాళ్లు లేక పెట్టెలోనే ఉంది. ఆఫీసరు గారు ఫోన్ చేస్తే, అమ్మిన కంపెనీ వాళ్లు మైదానం నుంచి ఒక ఇంజనీరుని పంపారు.

అతను మర్నాడు పొద్దున్న వచ్చాడు. ఘాటు రోడ్డు మలుపులకి కడుపు తిప్పి, వచ్చేసరికే చిరాకులో ఉన్నాడు. మజ్జిగ ఇచ్చాను. తాగాడు. కంప్యూటరు పక్క రేకు విప్పి టార్చి వేసి లోపలికి చూసి, అందర్నీ పిలిచాడు.

"ఏంటండీ ఇది? గుళ్లో కంప్యూటరా?"

స్లాట్ల నిండా పసుపు కుంకుమ. ఎండి గట్టిపడిపోయి ఉంది.

అది నా పనే. ఆయుధ పూజకి జీపుకి నిమ్మకాయలు కట్టినట్టే, ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టేదాన్ని. ఆ రోజు మా కంప్యూటరు ఆపరేటరు దుమ్ము దులపడానికి రేకు విప్పేవాడు. లోపల ఆ తెల్లటి స్లాట్లు వరసగా గుమ్మాల్లా కనబడేవి. గుమ్మం కనబడితే పసుపు రాసి బొట్టు పెట్టకుండా ఉండే చెయ్యి కాదు నాది. ఏటేటా పెట్టాను. తడి పసుపు లోపలికి కారింది.

"నానే బావూ పెట్టాను," అన్నాను.

ఆఫీసరు గారు నవ్వారు. క్యాషియరు నవ్వాడు. ఇంజనీరు బ్రష్షుతో గీకి, ఆ స్లాట్లు పనికిరావని తేల్చి, అన్నిటికంటే కిందనున్న స్లాటులో కార్డు దూర్చాడు. దానికి చెయ్యి అందక నేను బొట్టు పెట్టలేదు, అందుకే అది బతికింది. కంప్యూటరు వేస్తే కొత్త వస్తువు కనబడిందని తెర మీద పడింది. సీడీ పెట్టి డ్రైవరు ఎక్కించాడు. డ్రైవరంటే ఆ కార్డు భాష కంప్యూటరుకి నేర్పే సరుకు. మా ఆయన లాంటి డ్రైవరు కాదు.

అంతవరకు అతని పనికి వంక పెట్టను. తిట్టాడు, తిట్టాల్సిన తప్పే చేశాను. కాని ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఈనాటికీ నాకు ఒళ్లు మండుతుంది.

వీసీఆర్‌కి బొమ్మ కోసం పసుపు వైరు, గొంతు కోసం తెల్ల వైరు తగిలించి డొంబ్రు క్యాసెట్టు వేశాడు. తెర మీద బొమ్మ నలుపూ తెలుపూ. కింద నుంచి పైకి దొర్లిపోతోంది. మూలలో తారీకు ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఆ భాగమే తెగిపోయింది. గొంతు అసలు లేదు. రెండు నిమిషాలు చూశాడు. అంతే.

"టేపుకి ఫంగస్ పట్టింది. ఈ కొండల్లో చెమ్మకి పూత పోయింది. సరిగ్గా దాచలేదు," అన్నాడు.

సరిగ్గా దాచలేదట! ఆ బీరువాలో వర్షాకాలమంతా చిన్న బల్బు వెలుగుతూ ఉంచేదాన్ని, చెమ్మ పట్టకుండా. వానలు వెలిశాక ప్రతి క్యాసెట్టునీ మొదటినుంచి చివరిదాకా ఒకసారి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి నిలబెట్టేదాన్ని. పడుకోబెడితే టేపు ఒక పక్కకి జారుతుంది. ఇది నాకు ఏ ఇంజనీరూ చెప్పలేదు, పాత కెమెరామన్ ఒకాయన చెప్పాడు, పాటించాను.

అయినా ఆ నిమిషాన ఇదీ నా తప్పేనేమో అనుకున్నాను. గంట ముందే కదా నా కుంకుమ బయటపడింది! అందరి కళ్లలోనూ నేను కంప్యూటరుకి బొట్టు పెట్టిన మనిషిని. పైగా ఆ క్యాసెట్టు తిప్పానే గాని, బొమ్మ చూసి ఏళ్లయింది. ఎందుకంటే వీడియో గది టీవీ ఆఫీసులో లేదు. క్రికెట్టు చూస్తానని ఆఫీసరు గారు క్వార్టరుకి తీసుకెళ్లారు, తిరిగి రాలేదు. రిజిస్టరులో మాత్రం వీడియో గదిలోనే ఉంది, నా సంతకం కింద.

భోజనాల వేళకి ఫారం తయారైంది. 'క్యాసెట్టు నిర్వహణ లోపం వల్ల నిరుపయోగం' అని టైపు కొట్టించారు. ఇంజనీరు సంతకం పెట్టేశాడు, మంచు దిగకముందే ఘాటు దాటాలని తొందర. ఆఫీసరు గారు ఫారం నా వైపు తోశారు.

"పెట్టెయ్యమ్మా. ఆవిడకి ఇంకోసారి అవకాశం ఇస్తార్లే," అన్నారు.

సుక్రి వరండాలో కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ అక్కడే ఉంది. మాట చెవిన పడి లేచి వచ్చింది.

"మా మావ పోనాడా?" అని అడిగింది. చనిపోయి అన్నేళ్లయిన మనిషి గురించి, అప్పుడే పోయినట్టు అడిగింది.

ఇంజనీరు బ్యాగు సర్దుకుంటున్నాడు.

నేను పెన్ను బల్ల మీద పెట్టేశాను. "టీవీ మీద ఏసి సూడకుండా నాను సంతకం ఎట్టను," అన్నాను.

"టీవీ ఎక్కడుందమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"మీరు కాదు బావూ, అయ్యగారు సెప్పాలి ఆ మాట," అన్నాను.

ఆఫీసరు గారి మొహం మాడింది. క్యాషియరు కిటికీలోంచి బయటికి చూడసాగాడు. నేనూ సుక్రీ క్వార్టరుకి వెళ్లాం. అమ్మగారు సీరియలు చూస్తున్నారు. సర్కారు పని, టీవీ కావాలన్నాను. "ఆయన చెప్పారా?" అన్నారు. "రిజిస్టరు సెప్పిందమ్మా," అన్నాను. సుక్రి ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని మోసుకొచ్చాం. పాత రకం టీవీ, బరువు. దారిలో సుక్రి, "మీ అయ్యగారి కంటే ఇదే బరువుగా ఉన్నాదమ్మా!" అంటే, అంత కోపంలోనూ నవ్వొచ్చింది.

వీసీఆర్‌ని టీవీకి తగిలించాను. డొంబ్రు వచ్చాడు. రంగుల్లో! వలిసె పూలు పచ్చగా, పనస చెట్టు నల్లగా, ఆయన భుజం మీద తువ్వాలు ఎర్రగా. దగ్గాడు. "ఇది మా తాత కొట్టిన సేను," అన్నాడు. మూలన తారీకు ఒక్క అంకె కూడా పోకుండా నిలబడి ఉంది.

సుక్రి టీవీ ముందు నేల మీద కూలబడి, "సూడు, సూడు, ఆ తువ్వాల నానే ఉతికినాను," అంది.

ఇంజనీరు ఏమన్నాడంటే, అయితే కార్డుకి ఈ టేపు పడదు, దీనికి వేరే రకం కార్డు తెప్పించుకోవాలి, అన్నాడు. అని జీపెక్కి వెళ్లిపోయాడు. తప్పు నాది అన్న మాట ఆ నోట రాలేదు. నా కుంకుమకి అందర్నీ పిలిచి చూపించిన మనిషి, తన తప్పు దగ్గర జీపు హారను కొట్టాడు.

నలుపూ తెలుపూ, దొర్లే బొమ్మ. అది నేను చూసిన రోగమే. ఒకసారి ఎవరో విదేశీ క్యాసెట్టు తెస్తే మా టీవీలో సరిగ్గా అలాగే వచ్చింది. పాత కెమెరామన్ టీవీ మెనూలోకి వెళ్లి 'పాల్' అన్నచోట 'ఎన్‌టీఎస్‌సీ' చేస్తే రంగు వచ్చింది. మన దేశం బొమ్మలు పాల్, అమెరికా వాళ్లవి ఎన్‌టీఎస్‌సీ, రెంటికీ గీతల లెక్క వేరని చెప్పాడు. ఇప్పుడు అటూ ఇటూ మారి ఉంటుందని నాకు తోచింది. ఆపరేటరు రాంబాబుని పిలిచి, కార్డు సెట్టింగుల్లో ఆ రెండు మాటలు ఎక్కడైనా ఉన్నాయేమో వెతకమన్నాను.

"ఏటి పిన్నీ, ఇంజనీరు సూడకుండా ఒగ్గేత్తాడేటి?" అన్నాడు.

"నువ్వు సూడరా ముందు."

ఉంది. కార్డు పెట్టెలోంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే, ఎన్‌టీఎస్‌సీ మీద. పాల్ చేశాడు. దొర్లుడు ఆగింది, రంగు వచ్చింది, తారీకు వచ్చింది. ఇంతే! ఒక్క నొక్కుడు! దీనికోసం ఒక మనిషి భూమి సాక్ష్యాన్ని చెత్తలో వెయ్యమని కాగితం రాశారు.

గొంతు ఇంకా రాలేదు. కార్డు పెట్టె నా దగ్గరే ఉంది. యంత్రం వచ్చిన అట్టపెట్టె ఏడాది దాకా పారెయ్యకపోవడం నా అలవాటు. దాని అడుగున, విప్పని కవరులో, జానెడు వైరు దొరికింది. కార్డులోంచి వచ్చే గొంతుని కంప్యూటరు వెనక లైన్ ఇన్ అనే కన్నంలోకి తీసుకెళ్లే వైరు. ఇంజనీరు దాన్ని కవరులోంచి కూడా తియ్యలేదు. తగిలించాం. డొంబ్రు దగ్గు రెండోసారి విన్నాం.

క్యాసెట్టు ఎంతసేపుంటే క్యాప్చరు అంతసేపు పడుతుంది, తొందరపెట్టడానికి లేదు. డిస్కులో చోటు చాలక రాంబాబు తన సినిమాలన్నీ మొహం వేలాడేసుకుని చెరిపాడు. పొద్దు వాలేలోగా సీడీ సుక్రి చేతిలో పెట్టాను. మర్నాడు ఆమె మొదటి బస్సుకి వెళ్లింది. కమిటీ వాళ్లు బొమ్మ చూసి, తారీకు రాసుకుని, సాక్ష్యంగా తీసుకున్నారు. ఆ ఎండాకాలం పట్టా వచ్చింది. సీడీ ఒక్కదాని వల్లే వచ్చిందని అనను. ఊరి పెద్దలు కూడా వెళ్లి చెప్పారు. ఆ ఫారంలో నా సంతకం పడి ఉంటే మాత్రం ఆ సాక్ష్యం ఉండేది కాదు.

ఫారాన్ని రద్దు చెయ్యమని ఆఫీసరు గారిని అడిగాను. ఎందుకమ్మా గొడవ, ఫైలులో ఉండనీ, అన్నారు. 'నిర్వహణ లోపం' అనే మాట అలాగే ఉండిపోయింది, కింద నా గడి ఖాళీగా. టీవీ తర్వాత మళ్లీ క్వార్టరుకి పోలేదు, వీడియో గదికి తాళం వేసుకున్నాను.

రిటైరయ్యే రోజున చార్జి అప్పగిస్తూ కొత్తామెకి మూడు సంగతులు చెప్పాను. యంత్రం లోపల బొట్టు పెట్టకు, బయట పెట్టు. బొమ్మ రాకపోతే టేపుని అనేముందు దాన్ని వేరే యంత్రం మీద వేసి చూడు. మూడోది నాకు ఆలస్యంగా తెలిసింది. కుంకుమ తప్పు నాదే, ఒప్పుకున్నాను, అది ఆ స్లాట్ల వరకే. పక్కవాడి తప్పుని కూడా దానికి తగిలించి తెస్తే మోసుకుపోనక్కర్లేదు. ఆ పూట భోజనాల దాకా నేను మోశాను. అది నా రెండో తప్పు.