వెనక చక్రానికి మూడు పళ్లెక్కువ

మా ఇల్లు కొండవాలు మీద ఉంది. కింద రోడ్డు నుంచి ఇంటి దాకా సిమెంటు బాట నిట్టనిలువుగా లేస్తుంది. పొద్దున్నే నేనూ మా ఆవిడా బండి మీద హార్బరుకి వెళ్లి చేపలు తెచ్చుకుంటాం. వాటిని ఆమె మా వీధుల్లో అమ్ముతుంది. నేను స్టీల్ ప్లాంటుకి డ్యూటీకి పోతాను.

వచ్చేటప్పుడే చిక్కంతా. నాది చిన్న బండి. మధ్యలో చేపల బేసిన్, వెనక ఆవిడ. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఫస్ట్ గేర్లోనే మూలిగి ఆగిపోయేది. ఆమె దిగి, బేసిన్ నెత్తినెత్తుకుని నడిచేది. నేను ఖాళీ బండితో పైకి పోయి నిలబడేవాణ్ణి.

ఒకరోజు కుళాయి దగ్గర ఒకామె, "ఏటే, నీ మొగుడి బండి నిన్ను మొయ్యనేదా?" అంది. మా ఆవిడ నవ్వేసింది. ఇంటికొచ్చాక మాత్రం బేసిన్ దబ్బున దించింది.

మా ఆవిడ వాళ్లన్న కూర్మన్నపాలెంలో మెకానిక్. డ్యూటీ దిగి నేరుగా అతని షెడ్డుకి వెళ్లాను.

"పెద్ద బండి కొనాలేటి బావా?"

అతను వంగి, వెనక చైన్ చుట్టుకునే స్ప్రాకెట్ పళ్లు లెక్కపెట్టాడు. "నలభై రెండున్నాయి. నలభై ఐదుది ఏసెయ్. లాగుడు పెరుగుతాది. స్పీడు తగ్గుతాది, తరవాత నాను సెప్పనేదనకు."

"నువ్వే ఏసెయ్."

"నువ్వే ఇప్పు. నాను కూకొని సూత్తాను."

ప్లాంట్లో క్రేన్ నడపడమే తప్ప స్పానర్ పట్టినవాణ్ణి కాను. ఆదివారం ఆ షెడ్డులో చక్రం ఊడదీసి, నాలుగు బోల్టులు తిప్పి పాత స్ప్రాకెట్ తీసేశాను. కొత్తది పెట్టాక పాత చైన్ అందలేదు. బావ నవ్వుతూ, ముందే తెచ్చిపెట్టిన పొడవు చైన్ అందించాడు. నేను శక్తికొద్దీ బిగించాను. అతను వేలితో నొక్కి చూసి, "ఇంత బిగిత్తే తెగిపోతాది. కూసింత ఊగాల" అన్నాడు. మళ్లీ వదులు చేశాను. మధ్యాహ్నానికి మోచేతుల దాకా నలుపు.

మర్నాడు పొద్దున్న ఎత్తు మొదట్లోనే మా ఆవిడ అలవాటు కొద్దీ కాలు కింద పెట్టబోయింది.

"దిగకు."

"పడితే సేపలన్నీ పోతాయి మావా."

"కూకో."

ఫస్ట్ గేర్లో వదిలాను. మలుపు దగ్గర ఆమె వేళ్లు నా భుజంలోకి దిగాయి. బండి ఒక్కసారి వణికింది, ఆగలేదు. ఎత్తు తగ్గకపోయినా ఇంజన్ అదే గొంతుతో లాగుతూ పోయింది. కుళాయి దగ్గరి ఆడవాళ్లు బిందెలు వదిలి చూశారు. మా ఆవిడ కూర్చున్న చోటి నుంచే, "కానాగంత సేపలు తెచ్చినాం, ఇంటికి రండి" అని పిలిచింది. ఆ గొంతులో అంత దర్జా నేనెప్పుడూ వినలేదు.

ఇప్పుడు హైవే మీద ఆటోలు కూడా నన్ను దాటిపోతాయి. అరవై దాటితే ఇంజన్ గోల పెడుతుంది. డ్యూటీకి పది నిమిషాలు ముందు బయలుదేరి, ఎడమ పక్కన హాయిగా పోతుంటాను.