లవంగ నూనె, కుంకుడు రసం

బిలాస్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఆ మధ్యాహ్నం ఉన్నవి: నాలుగు బెంచీలు, ఒక నీళ్ల కుళాయి, నేను, ఒళ్లో వంగనారు ట్రేతో ఒక పెద్దావిడ. నారు దగ్గర లవంగం వాసన వస్తోంది. వ్యవసాయం చదివానని చెప్పి, ఆ వాసన ఎందుకని అడక్కుండా ఉండలేకపోయాను.

“నారుకుళ్లు బాబూ. రెండుసార్లు ఏసినాను, మొదలు మెత్తబడి పడిపోనాది. మా అత్త దాసిన గింజల్లో ఇయ్యే ఆఖరు. అందుకే ఈసారి లౌంగ్ తేల్ సల్లినాను.”

“లవంగ నూనె నీళ్లలో కలవదు కదండీ?”

“రెండు సుక్కలు కుంకుడు రసంలో గిలక్కొట్టి, అప్పుడు నీళ్లల్లో పొయ్యి. ఎందుకు కలవదు? అచ్ఛా, ఏటి సదివేవు నువ్వు?” అని నవ్వింది.

లవంగ నూనె బూజును అణుస్తుందని పరీక్షలో రాశాను. ఎలా కలపాలో నన్నెవరూ అడగలేదు.

ఆమె ట్రే నా చేతికిచ్చింది. “కళ్లజోడు మర్సిపోనాను. నిన్న ముప్పైరెండు మొక్కలున్నాయి. ఏటైనా పోనాయేమో లెక్కెట్టు బాబూ.”

లెక్కపెడుతున్నంతసేపూ ఆమె నా వేలినే చూసింది. ఒక మూల, గింజ పొట్టు ఇంకా నెత్తిన మోస్తూ చిన్న మొలక ఉంది. రెండుసార్లు లెక్కపెట్టి చెప్పాను. ముప్పైమూడు.